అమెరికా పల్లె కౌంటీలో స్థలం కొనే ముందు అక్కడి క్రీక్ పాత కథ తవ్వి తీయడం ఎలా

పోయినేడు మేం ఒక ఎనిమిదెకరాల స్థలం చూడ్డానికి వెళ్లాం. సిటీ నుంచి గంటన్నర డ్రైవ్, చుట్టూ కొండలు, కింద చిన్న క్రీక్, అదే వాగు, క్రీక్ అంటే మరీ ఊహించుకోకండి, షూ తడవకుండా మూడు రాళ్ల మీంచి దాటేసేంత. ఏజెంట్ చేతిలో మ్యాప్ ప్రింటవుట్ ఉంది, ఇది జోన్ ఎక్స్, ఫ్లడ్ ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదని నాలుగుసార్లు చెప్పాడు. నేను తలూపుతున్నా. మా ఆవిడ మాత్రం ముళ్లకంచె దగ్గర ఆగిపోయింది. కంచె పై తీగకి ఎండు గడ్డి, సన్న కొమ్మలు, ఒక నీలం టార్ప్ ముక్క చుట్టుకుని ఉన్నాయి, అన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే పక్కకి, క్రీక్ పారే వైపుకి. ఎత్తు చూస్తే నా ఛాతీ దాకా ఉంది. "ఏమండీ, గాలికి ఇలా చుట్టుకోదు కదా" అంది.

అక్కడ్నుంచి మొదలైంది నా పిచ్చి. రెండు నెలలు ఆ కౌంటీ వరదల గురించి చదివా, ఫోన్లు చేశా. మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పుడు ఎకరాల లెక్కన పల్లె కౌంటీల్లో కొంటున్నారు కాబట్టి ఆ రెండు నెలల్లో తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నా, మీకు రెండు వీకెండ్లు చాలు.

ముందు మ్యాప్ సంగతి. ఆ ప్రింటవుట్ అబద్ధం కాదు, కంచె కూడా అబద్ధం కాదు, రెండూ నిజమే, అదే చిక్కు. ఫెమా అంటే విపత్తులు చూసుకునే ఫెడరల్ సంస్థ, వాళ్ల ఫ్లడ్ మ్యాప్ అనేది 1968లో మొదలైన నేషనల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్ కోసం గీసిన మ్యాప్, ఎవరు ఇన్సూరెన్స్ కొనాలి, కొత్త ఇల్లు ఎంత ఎత్తులో కట్టాలి అన్నది తేల్చడానికి. ఇక్కడ నీళ్లు రావు అని చెప్పడానికి కాదు. ఫెమా మ్యాప్ సర్వీస్ సెంటర్ సైట్‌లో అడ్రస్ కొడితే ఫ్రీగా వస్తుంది, రెండు నిమిషాల పని. ఏఈ అని ఉంటే లెక్కలు కట్టి, నీళ్లు ఏ ఎత్తుకి వస్తాయో నంబర్‌తో సహా ఇచ్చారని అర్థం. ఉత్త ఏ అని ఉంటే హై రిస్కే కానీ వివరంగా లెక్క కట్టలేదు, ఎత్తు నంబర్ ఉండదు, పల్లె కౌంటీల్లో ఎక్కువ ఇదే కనిపిస్తుంది. షేడ్ వేసిన ఎక్స్ అంటే మధ్యరకం, ఏటా 0.2 శాతం ఛాన్స్ ఉన్న చోటు, లేదా కరకట్ట వెనకాల ఉన్న చోటు. షేడ్ లేని ఎక్స్ అంటే రిస్క్ తక్కువ అంటారు. డీ అంటే అసలు చూడలేదని వాళ్లే ఒప్పుకుంటున్నట్టు.

ఆ షేడ్ లేని ఎక్స్‌ దగ్గరే జనం మోసపోతారు. పరీవాహకం ఒక చదరపు మైలు కూడా లేని చిన్న క్రీకుల్ని ఫెమా సాధారణంగా మ్యాప్ చేయదు. అంటే మీ క్రీక్ పక్కన తెల్లగా ఉందంటే వరద రాదని లెక్క తేలి ఉండొచ్చు, లేదా ఎవరూ లెక్కే వేసి ఉండకపోవచ్చు, మ్యాప్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫెమా చెప్పే లెక్క ప్రకారమే ఫ్లడ్ క్లెయిముల్లో సుమారు 40 శాతం హై రిస్క్ జోన్ల బయటి నుంచే వస్తున్నాయి. ఇంకోటి, మ్యాప్ షీట్ మీద ఎఫెక్టివ్ డేట్ అని ఉంటుంది, అది తప్పకుండా చూడండి. అది పాతదైతే ఆ తర్వాత పైన నరికిన అడవి, వేసిన రోడ్లు, కట్టిన షెడ్లు ఏవీ ఆ లెక్కలో లేనట్టే.

"హండ్రెడ్ ఇయర్ ఫ్లడ్" అన్న మాటని కూడా కాసేపు పక్కన పెట్టండి, వందేళ్లకోసారి అని దాని అర్థం కానే కాదు. ఏటా 1 శాతం ఛాన్స్ అని అర్థం, 30 ఏళ్ల మార్ట్‌గేజ్ మొత్తానికి కూడితే దాదాపు 26 శాతం, అంటే నాలుగిట్లో ఒకటి. వెర్మాంట్‌లో 2023 జులై 10, 11 తేదీల్లో పెద్ద వరద వచ్చింది, సరిగ్గా ఏడాదికి 2024లో మళ్లీ అవే తేదీల్లో వచ్చింది, క్యాలెండర్ చూసుకుని వచ్చినట్టు.

సరే, మ్యాప్ మూసేయండి, ఇప్పుడు చరిత్ర.

మొట్టమొదట గేజ్. యూఎస్‌జీఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ వాళ్లు నదుల్లో, పెద్ద క్రీకుల్లో నీటి ఎత్తు కొలిచే స్టేషన్లు పెట్టారు, నేషనల్ వెదర్ సర్వీస్ వాటర్ సైట్‌లో మీ కౌంటీకి జూమ్ చేసి దగ్గర్లోని చుక్క మీద నొక్కితే గ్రాఫ్ వస్తుంది, దానితో పాటు చాలా గేజ్‌లకి హిస్టారిక్ క్రెస్ట్స్ అని, గతంలో నీళ్లు ఎప్పుడు ఎంత ఎత్తుకి లేచాయో చెప్పే ఒక లిస్ట్ ఉంటుంది. ఆ లిస్ట్ బంగారం. టెక్సస్ కెర్ కౌంటీ హంట్ దగ్గర గ్వాడలూప్ నది 2025 జులై 4న 37.5 అడుగులకి లేచింది, ఆ కౌంటీ ఒక్కదాన్లోనే వందమందికి పైగా చనిపోయారు. ఇలా ఎప్పుడూ జరగలేదని చాలామంది అన్నారు. కానీ అదే చోట 1932 రికార్డ్ 36.6 అడుగులు, తేడా అడుగు కూడా లేదు. మధ్యలో 1987 జులైలో అదే నది మీద కింద కంఫర్ట్ దగ్గర చర్చి క్యాంప్ నుంచి బయటపడుతున్న పిల్లలు నీళ్లలో చిక్కుకుని పదిమంది పోయారు. ఆ ప్రాంతాన్ని ఫ్లాష్ ఫ్లడ్ ఆలీ, అంటే ఉన్నట్టుండి వరదలొచ్చే సందు అని పిలవడం ఈమధ్య మొదలైంది కాదు. 1932ని చూసినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు కాబట్టి అది కొత్తగా అనిపించింది, అంతే.

నార్త్ కరోలినా కూడా అంతే. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ హరికేన్ వచ్చినప్పుడు ఆష్‌విల్ దగ్గర ఫ్రెంచ్ బ్రాడ్ నది 24.67 అడుగులకి వచ్చింది, పాత రికార్డ్ 1916 నాటిది, దాన్ని అడుగున్నర దాటింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో కొండల్లో హరికేన్ ఏంటని అనుకున్నారు అందరూ, కానీ 1916లో ముంచింది కూడా తుపాను వానలే. పక్కనే ఉన్న యాన్సీ కౌంటీలో బ్యూసిక్ అనే చోట 30 అంగుళాల వాన రికార్డ్ అయింది.

గేజ్ చూసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, గేజ్ చెప్పే అడుగులు నది లోతు కాదు, ఏదో ఒక జీరో పాయింట్ పెట్టుకుని అక్కడ్నుంచి కొలిచే ఎత్తు, కాబట్టి 20 అడుగులంటే మీ ఇంట్లోకి 20 అడుగులని భయపడక్కర్లేదు, పక్కనే మైనర్, మోడరేట్, మేజర్ అని స్టేజీలు ఇస్తారు, వాటితో పోల్చి చూడండి. రెండు, గేజ్ ఎప్పుడు పెట్టారో చూడండి, 1985లో పెట్టిన గేజ్‌కి 1985 ముందు ప్రపంచమే లేదు, రికార్డ్ అన్న మాటకి అక్కడ విలువ అంతే. అయితే యూఎస్‌జీఎస్ యాన్యువల్ పీక్ డేటాలో కొన్నిచోట్ల గేజ్ పెట్టక ముందు వచ్చిన పెద్ద వరదల్ని కూడా పాత గుర్తుల్ని బట్టి చేర్చి ఉంటారు, అది విడిగా తెరవాలి. మూడు, అసలైన రోజున గేజే పోవచ్చు. తూర్పు కెంటకీలో 2022 జులై వరదలో నార్త్ ఫోర్క్ కెంటకీ నది మీదున్న వైట్స్‌బర్గ్ గేజ్ 1957 నాటి 14.7 అడుగుల రికార్డ్‌ని అడుగుల కొద్దీ దాటేసి, ఆ తర్వాత పనిచేయడం మానేసింది. అదే నది మీద కింద జాక్సన్‌లో 1939 రికార్డ్ కూడా పోయింది.

మా కేసులో గేజ్ 14 మైళ్ల కింద, పెద్ద నది మీద ఉంది, మన క్రీక్‌కి దాంతో పెద్ద సంబంధం లేదు. చిన్న క్రీక్ సంగతి తెలియాలంటే వేరే దారులు వెతకాలి.

నోవా, అంటే ఫెడరల్ వాతావరణ, సముద్ర సంస్థ వాళ్ల స్టార్మ్ ఈవెంట్స్ డేటాబేస్ తెరవండి, స్టేట్, కౌంటీ ఎంచుకుని ఫ్లడ్, ఫ్లాష్ ఫ్లడ్ రెండూ టిక్ చేయండి, హెవీ రెయిన్ కూడా. వీటి రికార్డులు 1996 నుంచి ఉంటాయి. నంబర్ల కన్నా కింద రాసిన నాలుగు లైన్ల వివరణే ముఖ్యం, ఫలానా రోడ్డు మునిగింది, ఫలానా బ్రిడ్జి దగ్గర కారులోంచి ఇద్దర్ని తీశారు అని పేర్లతో ఉంటుంది. మీరు కొనబోయే స్థలం రోడ్డు పేరు ఒక కాగితం మీద రాసుకుని ఆ పేజీలో వెతకండి. నేను వెతికితే మా రోడ్డు పేరు మూడుసార్లు తగిలింది.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే పాత పేపర్లు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికాలో పాత లోకల్ పేపర్లు బోలెడు ఫ్రీగా ఉన్నాయి, లేనివి కౌంటీ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ మీద ఉండొచ్చు. ఇక్కడొక చిట్కా, ఉత్త ఫ్లడ్ అని వెతికితే సగం దొరకవు, ఆ రోజుల్లో వాళ్లు ఫ్రెషెట్ అని రాసేవాళ్లు, హై వాటర్ అని, బ్రిడ్జ్ వాష్డ్ అవుట్ అని, మిల్ డ్యామ్ పోయింది అని. క్రీక్ పేరుతో ఈ మాటలు ఒక్కోటి కలిపి కొట్టండి. క్రీకుల పేర్లు కూడా మారిపోతుంటాయి, యూఎస్‌జీఎస్ టోపోవ్యూలో వందేళ్ల నాటి మ్యాపులు ఉంటాయి, అందులో పాత పేరు, పాత రోడ్డు ఎక్కడ దాటేదో, ఇళ్లు ఎక్కడ ఉండేవో కనిపిస్తాయి. పాత ఇళ్లన్నీ గుట్ట మీదే ఉండి కింద మైదానంలో ఒక్కటీ లేకపోతే ఆ రోజుల్లో వాళ్లకి ఏదో తెలుసన్నమాట.

మట్టి కూడా సాక్ష్యం చెప్తుంది, ఇది నాకు బాగా నచ్చింది. వ్యవసాయ శాఖ వాళ్ల వెబ్ సాయిల్ సర్వేలో మీ ప్లాట్ చుట్టూ గీత గీస్తే ఏ మట్టి ఎక్కడుందో చూపిస్తుంది, అందులో ఫ్లడింగ్ ఫ్రీక్వెన్సీ అని ఒక రిపోర్ట్ ఉంటుంది. ఫ్రీక్వెంట్ అని ఉంటే ఏ ఏడాదైనా 50 శాతం కన్నా ఎక్కువ ఛాన్స్, ఆకేషనల్ అంటే 5 నుంచి 50 శాతం, రేర్ అంటే 1 నుంచి 5. మా ఎనిమిదెకరాల్లో క్రీక్ పక్క రెండెకరాలు ఆకేషనల్ అని వచ్చింది, ఫెమా మ్యాప్‌లో అదే చోటు తెల్లగా ఉంది. ఈ సర్వేలు రైతుల కోసం చేసినవి, వాటికి ఇన్సూరెన్స్‌తో పనిలేదు.

తర్వాత కౌంటీ హజార్డ్ మిటిగేషన్ ప్లాన్, అంటే విపత్తుల నష్టం తగ్గించుకోడానికి కౌంటీ రాసుకునే ప్లాన్. ఐదేళ్లకోసారి అప్‌డేట్ చేస్తేనే ఫెడరల్ డబ్బు వస్తుంది కాబట్టి చాలా కౌంటీలకి ఉంటుంది, గూగుల్‌లో కౌంటీ పేరుతో కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది. నాలుగొందల పేజీలు చూసి జడుసుకోకండి, ఫ్లడ్ చాప్టర్ ఒక్కటి చదవండి, గత వరదల పట్టిక, ఎక్కువసార్లు మునిగిన ఇళ్ల సంఖ్య, చివర్లో ఏ కల్వర్టులు, అంటే రోడ్డు కింద నీళ్లు పోయే తూములు, మార్చాలనుకుంటున్నారో ఆ లిస్ట్. ఆ కల్వర్ట్ లిస్టే కౌంటీ వాళ్లు తెలీకుండా రాసేసిన నిజం. ఫలానా రోడ్డు కల్వర్ట్ చిన్నది, పెద్దది వేయాలి, నిధుల్లేవు అని ఉంటే దాని అర్థం ఆ రోడ్డు మీద నీళ్లు ఎక్కుతున్నాయని.

డ్యాములు మర్చిపోకండి, పల్లె కౌంటీల్లో పైన ఎక్కడో చెట్ల వెనక మట్టి డ్యామ్ ఉంటుంది, ఎవరికీ తెలీదు. వ్యవసాయ శాఖ సాయంతో 1948 నుంచి కట్టిన చిన్న డ్యాములే దాదాపు 12,000 ఉన్నాయి, చాలావాటికి డిజైన్ లైఫ్ యాభై ఏళ్లే. నేషనల్ ఇన్వెంటరీ ఆఫ్ డ్యామ్స్‌లో మ్యాప్ మీద చూడొచ్చు. హై హజార్డ్ అని ఉంటే డ్యామ్ పాడైపోయిందని కాదు, తెగితే కింద మనుషులు పోతారని అర్థం, పరిస్థితి ఎలా ఉందన్నది వేరే కాలమ్‌లో ఉంటుంది, ఈ రెండూ కలిపేసి కంగారుపడకండి. అలాగని తేలిగ్గా కూడా తీసుకోవద్దు, వెస్ట్ వర్జీనియా లోగన్ కౌంటీలో 1972 ఫిబ్రవరి 26న బఫెలో క్రీక్ పైన బొగ్గు కంపెనీ వ్యర్థాల డ్యామ్ తెగి 125 మంది పోయారు. కరకట్టల సంగతీ అంతే. ఇల్లినాయ్‌లో వాల్‌మైయర్ అనే చిన్న ఊరు కరకట్ట వెనకాలే ఉండేది, 1993లో మిసిసిపి నీళ్లు కట్ట దాటి ఊరంతా ముంచేస్తే ఊరికి ఊరే ఎత్తేసి పైన గుట్ట మీద కొత్తగా కట్టుకున్నారు.

ఇక మనుషులు. ఇన్ని సైట్లు చూశాక కూడా నాకు అసలు విషయం చెప్పింది కౌంటీ రోడ్ డిపార్ట్‌మెంట్‌లో ఫోన్ ఎత్తిన పెద్దాయన. ఇక్కడ వరదలు వస్తాయా అని అడిగితే ఎవరైనా అబ్బే అంత లేదంటారు, అలా అడక్కండి. పెద్ద వాన పడితే మీరు ముందు ఏ రోడ్డు మూస్తారు అని అడగండి. ఆయన నవ్వి, నేను ఇంకా అడ్రస్ చెప్పకుండానే మా రోడ్డు పేరు చెప్పాడు. పోస్ట్ తెచ్చే ఆవిడ, స్కూల్ బస్ డ్రైవర్, వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు, వీళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. పక్కింటివాళ్లని అడిగేటప్పుడు నీళ్లు వచ్చాయా అని కాకుండా ఎక్కడిదాకా వచ్చాయి అని అడగండి, చేత్తో చూపిస్తారు, కొట్టం స్తంభం మీద గీత ఉంటే అది కూడా చూపిస్తారు. కౌంటీలో ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్ అని, వరద నీళ్లొచ్చే నేలలో కట్టడాల రూల్స్ చూసే ఆయన ఒకరుంటారు, చిన్న కౌంటీల్లో బిల్డింగ్ పర్మిట్లు చూసే ఆయనే ఇదీ చూస్తుంటాడు, ఆ ఇంటికి ఎలివేషన్ సర్టిఫికెట్, అంటే ఇల్లు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసిన కాగితం, ఉందేమో ఆయన్ని అడగండి.

అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. ఏం చెప్పాలన్నది స్టేట్‌ని బట్టి మారుతుంది, టెక్సస్‌లో 2019 నుంచి గతంలో మునిగిందా, క్లెయిమ్ తీసుకున్నారా అన్నీ ఫారమ్‌లో చెప్పాలి, కొన్ని స్టేట్లలో నోరు విప్పక్కర్లేదు. చట్టం అడగకపోయినా మీరు అడగొచ్చు, ఓనర్ తన ఇంటి ఫ్లడ్ క్లెయిముల చరిత్ర ఫెమా నుంచి తెప్పించుకోగలడు, తెప్పించి ఇమ్మనండి. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి, గతంలో ఆ ఇంటికి వరద తర్వాత ఫెడరల్ సాయం తీసుకుని, ఫ్లడ్ ఇన్సూరెన్స్ పెట్టుకోవాలన్న షరతు పడి ఉంటే ఆ షరతు ఇంటితో పాటు మీకూ వస్తుంది. మీరు పాలసీ తీసుకోకపోతే రేపు వరదొస్తే సాయం రాకపోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి త్వరగా చెప్పేస్తా. మామూలు హోమ్ పాలసీలో వరద కవర్ కాదు. ఫెడరల్ పాలసీ ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకి 1,00,000, సామాన్ల కవరేజ్ విడిగా కొనాలి, బేస్‌మెంట్‌కి చాలా తక్కువ కవర్ అవుతుంది. జోన్ ఎక్స్‌లో కూడా కొనుక్కోవచ్చు, కాకపోతే కౌంటీ ఆ ప్రోగ్రామ్‌లో చేరి ఉండాలి, చేరని కౌంటీలు కూడా ఉన్నాయి, ఫెమా కమ్యూనిటీ స్టేటస్ బుక్‌లో చూడండి. కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకుంటే ఆ వెయిటింగ్ ఉండదు, కాబట్టి టీవీలో తుపాను చూసి కొందాంలే అంటే కుదరదు. బావి, సెప్టిక్ ట్యాంక్, కంచె, డ్రైవ్‌వే, ఇవేవీ కవర్ కావు, పల్లె స్థలంలో సగం డబ్బు వాటిమీదే ఉంటుంది మరి.

స్థలం చూడ్డానికి రెండోసారి వెళ్లండి, ఈసారి పెద్ద వాన పడ్డ మర్నాడు. క్రీక్ వైపు కాదు, ముందు మీరు వచ్చే దారి చూడండి. ఇల్లు గుట్ట మీద భద్రంగా ఉన్నా డ్రైవ్‌వే కల్వర్ట్ పైపు రెండడుగులదే అయ్యి, పైనుంచి ఒక దుంగ వచ్చి మూతికి అడ్డంపడితే చాలు, నీళ్లు దారి మీంచి పోతాయి, మీరు ఆ పక్క, అంబులెన్స్ ఈ పక్క. పారే నీళ్లు అడుగు ఎత్తుంటే చిన్న కారుని తేలుస్తాయి, రెండడుగులైతే దాదాపు ఏ బండినైనా. పైన ఎంత దూరం నుంచి నీళ్లు వస్తాయో కూడా చూసుకోండి. టెనెసీ హంఫ్రీస్ కౌంటీలో 2021 ఆగస్టు 21న మెక్‌యూయెన్ దగ్గర ఒక్క రోజులో 20 అంగుళాల వాన పడి, ఆ నీళ్లన్నీ ట్రేస్ క్రీక్ మీదుగా కిందున్న వేవర్లీ మీద పడ్డాయి. ఆ వరదలో 20 మంది పోయారు.

చెట్లు చూడండి, కాండానికి ఒకే ఎత్తులో బెరడు గీసుకుపోయి ఉంటే, నీళ్లు వచ్చే వైపు మాత్రమే చెత్త చిక్కుకుని ఉంటే, కంచె స్తంభాలు అన్నీ ఒకే పక్కకి వాలి ఉంటే, అవి వరద పెట్టిన సంతకాలు. మిగతా కంచె తుప్పుపట్టి మధ్యలో ముప్పై అడుగులు మాత్రం కొత్త తీగ ఉంటే ఎందుకు మార్చారని అడగండి. ప్రొపేన్ ట్యాంక్‌ని కింద కాంక్రీట్‌కి బిగించి ఉంటే ఆ ఇంటాయనకి అది ఒకసారి తేలిపోయిన అనుభవం ఉండొచ్చు.

మేమైతే ఆ ఎనిమిదెకరాలు వదిలేశాం. క్రీక్ వల్ల కాదు, పైన మూడెకరాల్లో ఇల్లు హాయిగా కట్టుకోవచ్చు, కానీ అక్కడికి వెళ్లే ఒక్కగానొక్క దారి ఆ పెద్దాయన ముందు మూసే రోడ్డే. అదే కౌంటీలో నాలుగు మైళ్ల అవతల రిడ్జ్ మీద ఆరెకరాలు కొన్నాం, రేటు ఎక్కువ, వ్యూ తక్కువ, బావి మాత్రం బాగా లోతు తవ్వాల్సొచ్చింది. ఫోన్ సిగ్నల్ సరిగ్గా రాదు కాబట్టి వంటింట్లో నోవా వెదర్ రేడియో పెట్టాం, బ్యాటరీ బ్యాకప్‌ది, మన కౌంటీ కోడ్ సెట్ చేసుకుంటే రాత్రి రెండింటికి కూడా అరిచి లేపుతుంది.

కొనేశాక ఎప్పుడైనా నీళ్లొస్తే, దిగగానే కడిగేయకండి. గోడమీదో స్తంభంమీదో బురద గీత ఆరిపోకముందే పర్మనెంట్ మార్కర్‌తో దాని వెంటే గీత గీసి తేదీ రాయండి, నేల నుంచి టేప్ పెట్టి అంగుళాలు కొలవండి, టేప్ కనపడేట్టు ఒక ఫొటో, దూరం నుంచి ఇల్లంతా వచ్చేట్టు ఇంకో ఫొటో తీయండి. ఒక కాపీ ఇన్సూరెన్స్‌కి, ఒకటి కౌంటీ ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్‌కి పంపించండి. గేజ్ లేని క్రీక్‌కి ఆ గీతే గేజ్.